పిల్లల చేతిపని: కులవృత్తి, వ్యక్తిత్వం

సాహిత్య విమర్శలో మనం వస్తువు గురించీ, శిల్పం గురించీ ఏళ్ల తరబడి చర్చించాం. శిల్పం అనే మాట మొదట చేతిపనికి సంబంధించినదన్న సంగతి మాత్రం ఆ చర్చల వేడిలో మరచిపోతుంటాం. రాతిని చెక్కేవాడు, కర్రను తొలిచేవాడు, మట్టిని మలిచేవాడు చేసే పని అది. ఆ పని పిల్లల చేతుల్లో ఏమవుతుంది? దాని ద్వారా పిల్లవాడు తానెవరో, తనకేది ఇష్టమో ఎలా చెప్పుకుంటాడు? ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచింది ఈ రెండు ప్రశ్నలనే. ఇది బడిపంతుళ్ల వ్యవహారం, సాహిత్య పత్రికలో దీనికి చోటెందుకని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నకు వ్యాసం ముగిసేలోగా సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదట నా పొరపాటు ఒకటి చెప్పుకోవాలి. ఇబ్రహీంపట్నం ప్రాంతంలో తెలుగు బోధించే ఉపాధ్యాయుణ్ణి నేను. ఒక శనివారం మధ్యాహ్నం ఏడో తరగతి పిల్లల ముందు చెరువు మట్టి, పాత అట్టపెట్టెలు, గుడ్డపీలికలు, చీపురుపుల్లలు, సీసామూతలు కుప్పపోసి, మీకు నచ్చింది చేయండన్నాను. నచ్చింది చేయమన్నవాణ్ణి అంతటితో ఊరుకోలేదు. కుమ్మరి ఇంటి పిల్లవాడొకడు వెనుకగా నిలబడి ఉంటే, వాడి చేతికి మట్టిముద్ద ఇచ్చి, "నీకు తెలుసు గదరా, నువ్వు కుండ చెయ్యి" అన్నాను. ప్రోత్సహిస్తున్నాననే అనుకున్నాను. వాడు ముద్దను జాగ్రత్తగా కింద పెట్టి, "గది మా తాత జేస్తడు సార్. నేను టిప్పర్ జేస్త" అన్నాడు. అని అట్టపెట్టెల వైపు వెళ్లిపోయాడు.

సాయంత్రానికి టిప్పరు తయారైంది. సీసామూతలు చక్రాలయ్యాయి. వెనుక తొట్టె పైకి లేచేటట్టు చీపురుపుల్లతో ఇరుసు పెట్టాడు. వెనుక పలక మీద 'హారన్ కొట్టుము' అని రాశాడు. తన మేనమామ టిప్పరు నడుపుతాడని, తానూ డ్రైవరవుతానని చెప్పాడు. నేను వాడిలో కులాన్ని చూశాను. వాడు నాకు తనను చూపించాడు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి మూలం.

చేతిపని ద్వారా పిల్లల వ్యక్తిత్వం వికసిస్తుందనే మాట ఈనాడు తరచుగా వినిపిస్తున్నది. మంచిమాటే. కాని మన సమాజంలో చేతిపని ఎన్నడూ కేవలం చేతిపనిగా లేదు. కుండ అంటే ఒక కులం, మగ్గం అంటే ఒక కులం, చెప్పు అంటే ఒక కులం. ఏ పని చేస్తాడో దాన్ని బట్టి మనిషి ఎవరో పుట్టకముందే నిర్ణయించిన వ్యవస్థ ఇది. ఇక్కడ 'చేతిపని ద్వారా నీ అస్తిత్వాన్ని ప్రకటించుకో' అని పిల్లవాడికి చెప్పేటప్పుడు ఏ అస్తిత్వం అన్న ప్రశ్న వేసుకోక తప్పదు. పుట్టుక అంటగట్టినదా, తాను ఎంచుకున్నదా?

ఈ ప్రశ్నకు చరిత్ర ఉన్నది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో గాంధీజీ, చేతివృత్తిని కేంద్రంగా చేసుకున్న ప్రాథమిక విద్యను ప్రతిపాదించాడు. దానికి ప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుసేన్, 1897లో మన హైదరాబాదులో పుట్టినవాడు. పుస్తకానికి బానిస అయిన వలస విద్య మీద అది పెద్ద తిరుగుబాటు. చేతికి చదువులో గౌరవస్థానం ఇచ్చింది. అయితే పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతో బడి ఖర్చు గడవాలన్న అంశం మీద ఆనాడే విమర్శలు వచ్చాయి. వడికిన నూలు ఎంత అన్నది లెక్కకు వచ్చినప్పుడు, వడికిన పిల్లవాడికి ఏమి ఇష్టం అన్నది లెక్కకు రాదు.

1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రవేశపెట్టిన పథకం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో బడివేళలు తగ్గించి, మిగిలిన సమయంలో పిల్లలు తలిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నారు. చాకలి కొడుకు చాకిరేవుకు, కుమ్మరి కొడుకు సారెకు అన్నమాట. ఇది కులవిద్య అని పెరియారూ, ద్రావిడ ఉద్యమమూ తీవ్రంగా ప్రతిఘటించాయి. 1954లో రాజాజీ పదవి నుంచి తప్పుకున్నాక కామరాజ్ ప్రభుత్వం ఆ పథకాన్ని ఉపసంహరించింది. పథకం పోయినా ఆలోచన పోలేదు. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పిల్లల చేత పని చేయించడాన్ని నిషేధిస్తూనే, బడివేళల తరువాతా సెలవుల్లోనూ కుటుంబ వృత్తిలో సాయపడవచ్చునని మినహాయింపు ఇచ్చింది. కుటుంబ వృత్తి అనే మాట వెనుక కులవృత్తి నిలబడి ఉన్నదన్న సంగతి మనకు తెలియనిది కాదు.

మా రంగారెడ్డి జిల్లాకు ఈ విషయంలో తనదైన అనుభవం ఉంది. ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి ఈ జిల్లా పల్లెల్లో పిల్లలను పని మాన్పించి బడిలో చేర్పించే ఉద్యమం నడిపింది. బడికి వెలుపల ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది దాని సూత్రం. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం లభించింది. పశువుల వెంట, పత్తిచేలలో తిరిగిన చేతులు బడికి వచ్చాయి. అది సామాన్య విజయం కాదు. కాని ఆ చేతులకు బడి ఏమిచ్చింది? నోటు పుస్తకంలో ఎత్తిరాయడానికి ఒక కలం ఇచ్చింది. బలవంతపు పని నుంచి విముక్తమైన చేయికి స్వేచ్ఛగా చేసే పని దొరకలేదు. నేను చేతిపనిని సమర్థిస్తున్నది ఈ అర్థంలోనే. శ్రమకూ సృజనకూ మధ్య పెట్టుబడి కట్టిన గోడను పిల్లవాడి దగ్గరే పడగొట్టవచ్చునన్న ఆశతో.

కులవృత్తి ఒక ప్రమాదమైతే, దానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఉన్న ప్రమాదం మరొకటి ఉన్నది. అది సరుకు సంస్కృతి. నేడు బడుల్లో 'ప్రాజెక్టు' అనే పేరుతో జరుగుతున్న చేతిపని చాలావరకు దుకాణంలో కొన్నది. కత్తిరించి ఉంచిన బొమ్మలు, అంటించడానికి సిద్ధంగా ఉన్న మెరుపు కాగితాలు, థర్మకోలు ఇళ్లు. డబ్బున్నవాడి ప్రాజెక్టు మెరుస్తుంది, లేనివాడిది వెలవెలబోతుంది. మార్కులు మెరుపుకే పడతాయి. నలభైమంది పిల్లల నలభై జెండాలు, నలభై గుడిసెలు ఒకే పోలికతో ఉంటాయి. పిల్లవాడి పేరు చెరిపేస్తే అది ఎవరిదో తల్లి కూడా గుర్తుపట్టలేదు. ఒక్కోసారి తల్లి మాత్రమే గుర్తుపడుతుంది, చేసింది ఆమే గనుక.

మరి వ్యక్తిత్వాన్ని ప్రకటించే చేతిపనికి లక్షణాలేమిటి? నా అనుభవంలో మూడు కనిపించాయి.

మొదటిది, పదార్థం పిల్లవాడికి అందుబాటులో ఉన్నదై ఉండాలి. జొన్నసొప్ప బెండుతో బండి కట్టని పల్లె పిల్లవాడు మొన్నమొన్నటిదాకా లేడు. తాటికాయల బండి, తాటాకు గాలిమర, మట్టి ఎడ్లు, మోదుగాకుల బుట్ట, ఇవన్నీ ఖర్చులేని విద్యలు. జొన్నచేలు ప్లాట్లుగా మారిన మా ప్రాంతంలో ఇప్పుడు బెండు దొరకడం కష్టం. అట్టపెట్టెలు మాత్రం కావలసినన్ని దొరుకుతాయి. పదార్థం మారితే మారనివ్వండి. అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో జ్యామితి రూపాలు కట్టించవచ్చునని అరవింద్ గుప్తా 1986 నాటి తన పుస్తకంలోనే చూపించాడు. ఆ ఆటబొమ్మల పనికే 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

రెండవది, ఎంపిక పిల్లవాడిదై ఉండాలి. ఏం చేయాలన్నదే కాదు, ఎప్పుడు ఆపాలన్నది కూడా. ఫిన్లండు దేశం 1866లోనే చేతిపనిని ప్రాథమిక పాఠశాలల్లో తప్పనిసరి చేసింది. అక్కడ కూడా చాలాకాలం మగపిల్లలకు చెక్కపని, ఆడపిల్లలకు కుట్టుపని అనే విభజన ఉండేది. ఎంపిక లేని చోట చేతిపని పాత సమాజాన్నే మళ్లీ తయారుచేస్తుంది. మా తరగతిలో సూదిదారం కోసం ముందుగా చేయి చాచింది ఇద్దరు మగపిల్లలు. క్రికెట్ బంతి కుట్టుకోవాలని వాళ్ల ఆరాటం. ఆదిభట్ల దారిలో పెరిగిన ఒక అమ్మాయి అట్టతో హెలికాప్టరు చేసింది. అక్కడి విమాన పరిశ్రమల వాడలో 2018లో ప్రారంభమైన కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల మొండేలు తయారవుతాయి. ఆ అమ్మాయికి యుద్ధ విమానాల రాజకీయాలు తెలియవు. రోజూ చూసే ప్రహరీగోడ వెనుక ఏముంటుందో ఊహించాలన్న కుతూహలం మాత్రం ఉంది.

మూడవది, చేసిన తరువాత దాని గురించి చెప్పుకునే వ్యవధి ఉండాలి. వస్తువు దానంతటదే మాట్లాడదు. దాని పక్కన నిలబడి పిల్లవాడు మాట్లాడాలి. మేం బహుమతులు పెట్టం. మొదటి బహుమతి ఉన్నచోట అందరూ దాన్నే అనుకరిస్తారు.

ఈ మూడో లక్షణానికి మన తెలంగాణలోనే ఒక గొప్ప సంప్రదాయం ఉంది. అది చేర్యాల పటం. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాల నకాషీ కళాకారులు గుడ్డకు గంజి, చింతగింజల అంబలి, సుద్దమట్టి పట్టించి, ఎర్రని నేపథ్యం మీద కథను అంతస్తులు అంతస్తులుగా గీస్తారు. వెడల్పు సుమారు మూడడుగులు, పొడవు నలభై యాభై అడుగుల దాకా ఉండేది. కథకుడు ఒక్కొక్క అంతస్తునూ విప్పుతూ రాత్రుళ్లు కథ చెప్పేవాడు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గొల్లలకు కాటమరాజు కథ, మాదిగలకు జాంబపురాణం, చాకళ్లకు మడేలు పురాణం. ప్రతి కులానికీ దాని పటం, దాని కథకుడు ఉన్నారు. బ్రాహ్మణ పురాణాల్లో చోటు లేనివాళ్లు తమ పుట్టుకకు ఒక గౌరవకథ కల్పించుకుని, దాన్ని తమ కళ్లతో చూసుకున్న కళ ఇది. అస్తిత్వ ప్రకటన అనే మాట ఇవాళ కొత్తగా వినిపిస్తున్నది గాని, ఆ పని మన పల్లెల్లో ఎన్నడో జరిగింది.

అయితే పటం చెప్పేది కులం కథ. పిల్లవాడి కథ అందులో లేదు. అందుచేత రూపాన్ని తీసుకుని కథను పిల్లలకు వదిలిపెట్టాను. పని సులువే. వాడిన చార్టు కాగితాల వెనుకవైపును, పాత పెళ్లిపత్రికల ఖాళీ పుటలను మైదాజిగురుతో వరుసగా అతికించాలి. రెండు చివరలా రెండు పుల్లలు చుట్టాలి. అడ్డగీతలతో ఆరేడు అంతస్తులుగా విభజించాలి. పొద్దున లేచిన దగ్గరి నుంచి రాత్రి దాకా నీ రోజును గియ్యి, లేదా నీకు బాగా గుర్తున్న ఒక సంగతిని గియ్యి అని చెప్పాను. మరుసటి వారం ఒక్కొక్కరూ పటం విప్పుతూ తరగతికి కథ చెప్పారు.

ఇక్కడ అభ్యుదయ సాహిత్యకారులుగా మనల్ని మనం విమర్శించుకోవలసిన సందర్భం వచ్చింది. ఆ పటాల్లో నేను వెతికింది పేదరికం. కూలి తల్లి, తాగుబోతు తండ్రి, అప్పు, ఆకలి. కొన్ని పటాల్లో అవి ఉన్నాయి. తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డ తల్లిని ఒక అమ్మాయి మొదటి అంతస్తులో గీసింది. ఆ తల్లి తిరిగి వచ్చేది ఆరో అంతస్తులో. మధ్య నాలుగు అంతస్తుల్లో అమ్మ లేదు. ఏ కథకుడు సాధించాడు ఇంత పొదుపు? కాని ఎక్కువ పటాల్లో ఉన్నవి కుక్కపిల్ల, క్రికెట్, సినిమా, దశాబ్దాల తరువాత 2022లో నిండిన పెద్దచెరువు, అలుగు దగ్గర పట్టిన చేప. నాకు కొంచెం నిరాశ కలిగిందని దాచుకోను. ఆ తరువాత సిగ్గు కలిగింది. పేదపిల్లవాడు పేదరికాన్నే గీయాలని కోరుకోవడం కూడా ఒక రకమైన కులవృత్తే. కుమ్మరి పిల్లవాడి చేతిలో మట్టి పెట్టిన ఉపాధ్యాయుడికీ, శ్రామికుడి బిడ్డ నోట దుఃఖం మాత్రమే వినదలచిన రచయితకూ తేడా లేదు. సంతోషం మీద, ఆట మీద, పనికిమాలిన కుతూహలం మీద కూడా ఆ బిడ్డకు హక్కు ఉన్నది. ఆ హక్కు కోసమే కదా మన పోరాటం.

మాటకన్నా చేయి ముందు నడిచే సందర్భాలూ ఉన్నాయి. ఒడిశా నుంచి ఇటుకబట్టీలకు వలసవచ్చిన కుటుంబంలోని అమ్మాయి కొన్ని నెలలు మా తరగతిలో కూర్చుంది. తెలుగు రాదు. ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఒకనాడు ఆవరణలో పిల్లలు ముగ్గులు వేస్తుంటే పిండి అడిగి తీసుకుని, చుక్కలు పెట్టకుండానే వరికంకులు, చిన్నచిన్న పాదాలు వేసింది. "చుక్కల్లేవు, ఇదేం ముగ్గు" అని పిల్లలు మూగారు. ఆ అమ్మాయి మొదటిసారి గట్టిగా "ఝోటి" అన్నది. మార్గశిర గురువారాల్లో ఒడియా ఇళ్లముందు బియ్యప్పిండి నీళ్లతో వేసే ముగ్గు అది. ఆ ఒక్క మాటతో ఆమె తరగతిలో ఒక మనిషి అయింది. మరునాడు నలుగురు అమ్మాయిలు ఝోటి నేర్చుకుంటూ కనిపించారు. తెలుగు వాచకంతో నేను నెలల్లో చేయలేని పని గుప్పెడు పిండి చేసింది.

ఇంతకూ కులవృత్తి నుంచి వచ్చిన నైపుణ్యాన్ని పిల్లలు పూర్తిగా వదిలేయాలా? వదిలేయాలని నేను అనడం లేదు. ఆలేరు దగ్గర శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం జీవితం ఇందుకు సమాధానం చెబుతుంది. పోచంపల్లి తరహా నేతలో చీర నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీద వేలసార్లు అటూ ఇటూ చేయి తిప్పి ఆసు పోయాలి. ఆ పనితో తల్లి లక్ష్మి భుజాలు పడే బాధ చూసి పెరిగాడాయన. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. అయినా ఏళ్ల తరబడి కొయ్య, మోటారు, తీగలతో కుస్తీపట్టి 1999లో ఆసుయంత్రం పూర్తిచేసి తల్లి పేరు పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన తన కులవృత్తిని మోయలేదు, పారేయలేదు. దానిలోని బాధను తిరస్కరించి, జ్ఞానాన్ని స్వీకరించి, దాన్ని మార్చాడు. వారసత్వంతో స్వేచ్ఛగల మనిషికి ఉండవలసిన సంబంధం అదే. కాని ఆరో తరగతిలోనే బడి మానవలసిన అవసరం ఏ మల్లేశానికీ రాకూడదన్నది కూడా ఈ కథలోని పాఠమే.

2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి లోపు పిల్లలు పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలని చెబుతున్నది. కాగితం మీద ఆకర్షణీయంగానే ఉంది. అమలులో ఎవరి పిల్లలు ఎవరి దగ్గరికి వెళ్తారన్నదే అసలు ప్రశ్న. కుమ్మరి సారె దగ్గర డాక్టరుగారి అబ్బాయి కూర్చుంటే అది విద్య. కుమ్మరి బిడ్డ మళ్లీ అక్కడికే పంపబడితే అది 1953. కంచ ఐలయ్య 2007లో పిల్లల కోసం రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది ల్యాండ్' ఈ వృత్తుల వెనుక ఉన్న విజ్ఞానాన్ని అందరు పిల్లలకూ పాఠంగా చెప్పింది. శ్రమను గౌరవించడం నేర్వవలసింది శ్రమచేయని ఇళ్ల పిల్లలే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వస్తాను. దీనికీ సాహిత్యానికీ సంబంధమేమిటి? ఏడో తరగతి పిల్లలను 'నాకు నచ్చిన వృత్తి' అని వ్యాసం రాయమంటే గైడులోని ఉపాధ్యాయ వృత్తిని ఎత్తిరాస్తారు. నలభై వ్యాసాల్లో ఒకే వాక్యాలు. టిప్పరు చేసిన పిల్లవాడూ అంతకుముందు అదే రాశాడు. టిప్పరు చేశాక దాని గురించి రాయమంటే ఎనిమిది వాక్యాలు రాశాడు. మామ రాత్రిపూట బండి నడుపుతాడని, పగలు పట్నంలోకి రానివ్వరని, పొద్దున ఇంటికి వచ్చి బూట్లతోనే పడుకుంటాడని, అప్పుడు తాను మెల్లగా బూట్లు విప్పుతానని. వత్తులు తప్పాయి, విభక్తులు తప్పాయి. 'నడుపుతడు' అని రాసినందుకు నేను ఎర్రసిరాతో గీత పెట్టలేదు. చేతితో చేసిన వస్తువు వాడి వాక్యాన్ని గైడు నుంచి విడిపించింది. తనదైన వస్తువు దొరికినప్పుడు తనదైన భాష వెంట వచ్చింది. వస్తువు, శిల్పం అని మనం విడదీసి చెప్పుకునే రెండూ అక్కడ విడిగా లేవు.

కనుక బాలసాహిత్యం పేరుతో పిల్లలకు నీతులు రాసి పంపే మిత్రులకూ, తెలుగు ఎం.ఏ. చదివి రేపు బడుల్లోకి రాబోయే విద్యార్థులకూ నా సూచన ఒకటే. పిల్లల కోసం రాయడానికి ముందు వాళ్లు చేసినవి చూడండి. దగ్గర కూర్చుని, ఇదేమిటి అని అడిగి, సమాధానం పూర్తయ్యేదాకా ఆగండి. ఆ సమాధానం మన సిద్ధాంతంలో ఇమడకపోతే, దిద్దుకోవలసింది సిద్ధాంతాన్నే.

ఆ కుమ్మరి పిల్లవాడి సంగతి ఒకటి మిగిలింది. రెండు నెలల తరువాత మరో శనివారం తోటిపిల్లలు మట్టితో బొమ్మలు చేస్తుంటే అవి ఆరకముందే పగులుతున్నాయి. వాడు కాసేపు చూసి, వచ్చి కూర్చుని, మన్నులోంచి రాళ్లేరి, నీళ్లు చిలకరించి, ఎట్లా పిసకాలో వాళ్లకు చూపించాడు. నేనేమీ అనలేదు. పిసకడం అయిపోయాక చేతులు కడుక్కుని, వాడు తన టిప్పరుకు రంగు వేసుకోవడానికి వెళ్లిపోయాడు.